రేకుల గదిలో పాదం

చెప్పకుండా ఉండడం కూడా ఒక పనే. వంట లాగ, బట్టలు ఉతకడం లాగ రోజూ చెయ్యాల్సిన పని. ఒక్కరోజు మానేస్తే ఇల్లంతా తెలిసిపోతుంది. ఏళ్ళ తరబడి ఆ పని చేసీ చేసీ అలిసిపోయాను. ఎవరో ఒకరి ముందు దించాలి. మీరు దొరికారు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. రాజోలు వైపు, కాలవ గట్టున ఇల్లు. అమలాపురంలో ఇంటర్మీడియట్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. నోరు ఎక్కువని పేరు. ఆ పేరు ఎవరూ ఊరికే ఇవ్వలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. బస్సు కండక్టరుతో, కూరలవాడితో, ప్రిన్సిపాలుతో, ఆఖరికి ప్రసంగం సాగదీస్తున్నారని పాస్టరుగారితో కూడా వాదించి నెగ్గినదాన్ని. ఈ ఒక్క విషయం మటుకు ఎవరితోనూ వాదించలేదు. నా తరఫున వాదించడానికి ఏమీ లేదు కనుక.

మావారికి ఒక్కతే చెల్లెలు, సునంద. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో రావులపాలెంలో బస్సు దిగి రోడ్డు దాటుతుంటే లారీ తగిలింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. నేను ఆ ఇంటి కోడలిగా వచ్చేటప్పటికే ఆమెకు కట్టుడు కాలు ఉంది. కాలికి తొడుక్కునే పై భాగం బాగానే ఉండేది. కింద బోల్టుతో బిగించిన పాదమే ఇబ్బంది. గట్టి రబ్బరు. బరువు. నేల చదునుగా ఉంటే ఇల్లంతా తిరిగేది. మెట్లు మాత్రం ఆమె వల్ల కాదు. మా ఇంటి డాబా మీద సిమెంటు రేకుల గది ఒకటుంది. ఆ గదిలోకి ఆమె ఎన్నడూ రాలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

అత్తగారు పోయాక ఇల్లు సునంద చేతిలోకి వచ్చింది. పెత్తనం అనుకునేరు. చాకిరీ. నేను పొద్దున్నే కాలేజీకి బస్సెక్కేసేదాన్ని. మావారు బ్యాంకు ఉద్యోగం మీద ఎప్పుడూ ఏదో దూరపు ఊళ్ళో, శనివారం రాత్రి వచ్చి సోమవారం వెళ్ళిపోయేవారు. నా ఇద్దరు పిల్లలకూ అన్నం తినిపించింది, జ్వరాలు వస్తే తడిగుడ్డ వేసింది, ఎక్కాలు నేర్పింది సునందే. సాయంత్రం అరుగు మీద ఊళ్ళో పిల్లలకు ట్యూషన్ చెప్పేది. నేను కాలేజీలో ఆడవాళ్ళ స్వేచ్ఛ గురించి స్టాఫ్ రూములో గంటలు గంటలు మాట్లాడేదాన్ని. వెనక్కి వచ్చేసరికి వేడి వేడి అన్నం ఉండేది.

అలాంటి రోజుల్లో మా పాస్టరమ్మగారు ఒక కబురు తెచ్చారు. రాజమండ్రిలో ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్ కావాలట. ఉండడానికి గది, జీతం, మర్యాద. సునందను అడిగితే మొహం విప్పారింది. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు. ఒకటే చిక్కు. ఆ హాస్టలు మూడంతస్తులు, లిఫ్టు లేదు, వార్డెన్ అన్నాక పైకీ కిందికీ తిరగాలి. జూన్‌లోగా వచ్చి చేరమన్నారు.

సునంద తన ట్యూషన్ డబ్బులతో అన్నతో వెళ్ళి కొత్త పాదానికి డబ్బు కట్టింది. రాజమండ్రిలో షాపు, కొలతలు తీసుకుని బయటినుంచి తెప్పించి పార్సెల్ వేస్తామన్నారు. ఫోన్ నంబరు నాది ఇచ్చారు. అలాంటివన్నీ నేనే కదా చూసుకునేది. గట్టిగా మాట్లాడగలిగేది నేనే కదా.

పార్సెల్ వచ్చింది. అమలాపురం బస్టాండులో నేనే తీసుకున్నాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. సునంద వంటింట్లో ఉంది. నేను చెప్పులు విప్పి, నేరుగా మేడ మెట్లెక్కి, రేకుల గదిలో కూర్చుని అట్టపెట్టె విప్పాను. బాగుంది. మెత్తటి పాలీయురేథేన్ నురగ, అదే ఫోము, చామనఛాయ రంగు, వేళ్ళు కూడా చెక్కినట్టున్నాయి. లోపల గాజునారను, అంటే ఫైబర్ గ్లాసును, రెజిన్‌తో కలిపి పోసిన పట్టీ, అడుగు వేస్తే వంగి, ఎత్తితే లేస్తుంది. చేత్తో వంచి చూశాను. ఈ పాదంతో మెట్లెక్కొచ్చు. అది నాకు క్షణంలో అర్థమైంది. ఆ అర్థం కావడమే కొంప ముంచింది.

దొంగతనం చేద్దామనే మేడెక్కానా? ఎన్నోసార్లు అడిగాను నన్ను. కాదనే అనుకుంటాను. ఆ వారం నాకు పేపర్ల వాల్యుయేషన్ ఉంది. చిన్నదానికి ఒళ్ళు వెచ్చగా ఉంది. ఒక్క వారం ఆగి ఇద్దాం అనుకున్నాను. ప్లాస్టిక్ కవరు మళ్ళీ చుట్టి, అక్కడున్న ట్రంకు పెట్టెలో నా పెళ్ళి చీరల కింద పెట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసి మూత వేశాను. మా వైపు మంచి వస్తువును అలాగే కదా దాస్తాం. కొత్త చెప్పులు కొంటే వాడం, క్రిస్మస్‌కని పెట్టెలో పెడతాం.

"పార్సెల్ ఏమైనా వచ్చిందాండి వదినా?"

"ఇంకా లేదు."

"ఆయ్."

అంతే. ఆ "ఆయ్" తర్వాత ఆమె ఇంకేమీ అడగలేదు. రెట్టించి అడిగి ఉంటే, నా మీద అరిచి ఉంటే, బహుశా నేను కూడా అరిచి, ఆ అరుపుల్లో నిజం బయటపడి ఉండేది. ఆమె నన్ను నమ్మింది. వారం అయింది. జూన్ వచ్చింది. ఆ మోడల్ చేయడం మానేశారట, మళ్ళీ వస్తే పంపుతారట, డబ్బు వాళ్ళ దగ్గరే ఉంటుందట అని చెప్పాను. మావారు షాపుకి వెళ్ళి మాట్లాడతానన్నారు. "మీకు మాట్లాడ్డం వచ్చా?" అన్నాను. ఆయన నవ్వేసి ఊరుకున్నారు. నాతో వాదన పెట్టుకునే మనిషి కాదు. హాస్టలులో ఇంకెవరినో పెట్టుకున్నారు.

ఇక ఇవ్వడం ఎలాగ? ఇస్తే ఎప్పుడొచ్చిందని అడుగుతారు. ఇవ్వకపోతే పెట్టెలో ఉంటుంది. ఉంది. ఏళ్ళు గడిచాయి.

మా గాలి సంగతి మీకు తెలుసో లేదో. సముద్రం దగ్గర, చుట్టూ కాలవలు, చేలు, కొబ్బరి నీడ. బైబిలు అట్ట మీద బూజు పడుతుంది, ఉప్పు జాడీలో నీరూరుతుంది, గోడలు చెమటలు పడతాయి. పైగా రేకుల గది. రోహిణి కార్తెలో ఆ గదిలో ట్రంకు మూత మీద చెయ్యి పెడితే కాలేది. ఆ వేడి మీద ముసురు. ముసురు మీద మళ్ళీ వేడి. ప్లాస్టిక్ కవరులో చిక్కిన తడి బయటికి పోదు.

అందులో ఏం జరుగుతోందో ఈ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఏటా ఎస్టర్ల జలవిశ్లేషణ పాఠం చెబుతాను. ఆ నురగలో పొడుగాటి గొలుసులుంటాయి. వాటిలో ఎస్టర్ బంధాలుంటాయి. నీరు వాటిని తెంపుతుంది. వేడి ఉంటే తొందరగా తెంపుతుంది. తెగిన చోట ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం పక్క బంధం తెగడానికి సాయపడుతుంది. నీళ్ళలో ముంచనక్కర్లేదు, గాలిలో తడి చాలు. గాజునార పట్టీ మాత్రం ఏం తక్కువ? నారకూ రెజిన్‌కూ మధ్య తడి దూరిందంటే వాటి పట్టు వదిలిపోతుంది. పైకి కనబడదు. పిల్లలకు అర్థం కావడానికి చెప్పుల ఉదాహరణ చెప్పేదాన్ని. వాడకుండా దాచిన చెప్పులు పండగనాడు వేసుకుంటే అట్ట ఎందుకు పొడైపోతుందో చెప్పండి అంటే క్లాసంతా నవ్వేది. "మా అమ్మ పెళ్ళి చెప్పులండి మేడం, గుడి మెట్ల మీదే పోయేయండి" అని ఒక పిల్ల అంటే నేనూ నవ్వాను. నవ్వుతూ బోర్డు వైపు తిరిగాను. తిరిగి చాలాసేపు తుడిచాను, తుడవడానికి ఏమీ లేకపోయినా.

తెలియక చేశానని చెప్పే దారి కూడా నాకు లేదు.

తర్వాత ఒక వేసవిలో పాస్టరమ్మగారు మళ్ళీ వచ్చారు. ఆ వార్డెన్ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతోందట. ఇంకా సునందనే అడుగుతున్నారట. అప్పటికి నా పిల్లలు వాళ్ళ పనులు వాళ్ళు చేసుకునే వయసుకు వచ్చారు. నిజం చెప్పాలంటే నాకు ఆమె అవసరం తీరింది. ఎంత అసహ్యంగా ఉందో చూడండి ఈ వాక్యం. రాసి కొట్టేయబోయాను. ఉంచుతున్నాను.

"ఈసారి ఈ రబ్బరుకాలితోనే వెళ్తానండి. గోడ పట్టుకుని ఎక్కుతానండి, ఏమవుతుంది," అంది సునంద.

వచ్చి ఒకసారి కనిపించమన్నారు హాస్టలువాళ్ళు. ఆ సాయంత్రం నేను మేడెక్కి పెట్టె తీశాను.

కవరు వేళ్ళకు అతుక్కుపోయింది. లాగితే పల్చటి పొర ఊడి వచ్చింది. రంగు ముదిరి గోధుమరంగుకు తిరిగింది. పుల్లటి వాసన. బొటనవేలితో మడమ నొక్కాను. గుంట పడింది. ఆ గుంట తిరిగి లేవలేదు.  ఇంతకంటే స్పష్టంగా ఏ ప్రయోగశాల చెప్పగలదు?

నాకు తెలిసింది. తెలిసి, తుడిచాను. చేతికి జిడ్డు తగలకుండా టాల్కం పౌడరు అద్దాను. మేజోడు తొడిగాను, బూటు తొడిగాను. కిందికి తెచ్చి ఇచ్చాను. "ఇన్నాళ్ళకి పంపాడే ఆ మహానుభావుడు," అన్నాను.

ఎందుకు? హాస్టలు చూసి వచ్చేదాకా నిలుస్తుందిలే అనుకున్నాను. ఆ తర్వాత ఏదో వంక చెప్పి ఇంకొకటి కొని పెట్టేద్దాం అనుకున్నాను. ఇంకొకటి ముందే కొనొచ్చు కదా? కొనొచ్చు. దానికి రోజులు పడతాయి, షాపుకు వెళ్ళాలి, షాపులో పాతదాని మాట వస్తుంది. నా పరువు కాపాడుకోవడానికి ఆమె ఒంటి బరువును ఆ నురగ మీద పెట్టాను. ఇంకొకటి కూడా అడుగుతూ ఉంటాను: అది విరగాలని నాలో ఏ మూలైనా అనుకున్నానా? ఆమె మళ్ళీ ఇంట్లోనే ఉండిపోవాలని? లేదు అనడానికి నోరు వస్తుంది. నా నోరు దేనికైనా వస్తుంది. అందుకే నమ్మను.

సునంద బూటు విప్పి, మేజోడు మీదుగా ఆ పాదాన్ని అరచేతితో నిమిరింది. "పసిపిల్ల కాలులా ఉందండి వదినా," అంది. సెలవు మీద ఇంట్లో ఉన్న మావారు బోల్టు బిగించారు.

మర్నాడు కారు మాట్లాడుకుని రాజమండ్రి వెళ్ళాం, నేనూ ఆమే. హాస్టలు పెద్దావిడ టీ ఇచ్చి, పైన గదులు చూడమన్నారు. సునంద ముందు, నేను వెనక. మొదటి వరస మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కింది. మలుపు దగ్గర ఆగి నా వైపు తిరిగి చూసింది.   ఆ చూపులో ఏముందో రాయడం నా చేతకాదు.

రెండో వరసలో చప్పుడైంది. అప్పడం మీద కాలేసినట్టు. మడమ కుంగిపోయింది, లోపలి పట్టీ పొరలు పొరలుగా విడిపోయింది. ఆమె పక్కకు ఒరిగి, గోడ దొరక్క, చెయ్యి ఒంటి కింద నలిగేలా మెట్ల మీద పడింది. నేను వెనకే ఉన్నాను. పట్టుకోలేకపోయాను. మణికట్టు విరిగింది. బూటులోంచి గోధుమరంగు పొడి, ముక్కలు, మెట్లన్నిటి మీదా. హాస్టలు ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఒక పిల్ల చీపురు తెచ్చి ఆ పొడి ఊడ్చింది. సునంద నొప్పిని చూసుకోవడం మాని ఆ చీపురునే చూస్తోంది. పెద్దావిడ మర్యాదస్తురాలు. "బాగయ్యాక కబురు చెయ్యండమ్మా," అన్నారు. ఇక కబురు చేసేదేమీ లేదని అక్కడున్న అందరికీ తెలుసు.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని తిరిగి వస్తుంటే, కారులో, సునంద అడిగింది.

"నేనే తప్పుగా అడుగేసేనంటారాండి?"

"లేదు."

"బరువు ఎక్కువున్నానేమోనండి."

"లేదంటున్నాను కదా."

"పాదానికి పౌడరు వాసనొచ్చిందండి వదినా. నాకు నవ్వొచ్చిందండి. నా మీద ప్రేమతో పాదానిక్కూడా పౌడరు రాసేరు మా వదిన, అనుకున్నాను."

నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"నేను ఇల్లు కదలకూడదండి. అప్పుడు రావులపాలెంలోనూ అంతే అయింది, ఇప్పుడూ అంతే అయింది. దేవుడు రెండుసార్లు చెప్పేడు. ఇంక మూడోసారి చెప్పించుకోనండి."

అదీ సమయం. కారులో ముగ్గురమే. డ్రైవరు పాటలు పెట్టుకున్నాడు. దేవుడు కాదు సునందా, నేను, అని ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది. నేను అన్నది ఇది: "అది షాపువాడి మోసం. పాత సరుకు అంటగట్టాడు. వాడి సంగతి నేను చూస్తాను."

చూశాను. ఆ సాయంత్రం ఇంటి నిండా జనం. పక్కింటివాళ్ళు, సంఘంలో ఆడవాళ్ళు. మావారు ఫోన్ తీసి షాపుకు చేయబోయారు. షాపువాడు ఏమంటాడు? "ఎప్పుడో పంపేం కదండీ" అంటాడు. ఫోన్ లాక్కున్నాను. అరుగు మీద నిలబడి దులిపేశాను. ఏమనుకుంటున్నారండి మనిషి ప్రాణమంటే అన్నాను. నేను కెమిస్ట్రీ చదివినదాన్ని, ఆ సరుకు ఎన్నాళ్ళు మురిగిందో చూస్తే చెప్పగలను, అన్నాను. కన్స్యూమర్ కోర్టు అన్నాను. పేపర్లో వేయిస్తాను అన్నాను. మధ్య మధ్యలో ఆగి, విన్నట్టు, తల ఊపాను.

ఫోన్లో అవతల ఎవరూ లేరు. నేను నంబరు నొక్కలేదు.

 "మా చెప్పులూ అంతేనండి, పాత స్టాకంతా మన కోనసీమకే తోస్తారండి," అంది పక్కింటావిడ. "మేడంగారి నోరుంది కాబట్టి సరిపోయింది," అంది ఇంకొకావిడ. సునంద మంచం మీంచి, కట్టు కట్టిన చెయ్యి గుండె మీద పెట్టుకుని, "వదిలెయ్యండి వదినా, పాపం, వాడికీ పిల్లలుంటారు," అంది. ఆ రాజమండ్రి షాపాయన ఎలా ఉంటాడో కూడా నాకు తెలియదు. ఈ ఊళ్ళో ఆయన పేరు చెడగొట్టాను. ఆ తర్వాత మా సంఘంలో ఎవరూ ఆ షాపుకు వెళ్ళలేదని విన్నాను.

డబ్బు వాపసు వచ్చిందని నా జీతంలోంచి ఇచ్చాను. కొత్త పాదం కొందామని ఎన్నోసార్లు అన్నాను. సునంద ఒప్పుకోలేదు. పాత రబ్బరు పాదమే బిగించుకుంది. మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది. పప్పు రుబ్బేటప్పుడు, బట్టలు పిండేటప్పుడు ఆ చెయ్యి చూస్తాను. ఎక్కడికీ వెళ్ళదు. పెళ్ళిళ్ళకూ వెళ్ళదు. ఆదివారం ప్రార్థనకు మా గుడికి, గుడినుంచి ఇంటికి. నా పిల్లలు చదువులకు వెళ్ళిపోయారు. మావారు వచ్చే శనివారాలు తప్ప ఇప్పుడా ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆమె నాకు వండి పెడుతుంది. నేను తింటాను. నా మీద ఆమెకు కోపం లేదు. అదే నా చెర. తలుపు ఎక్కడుందో నాకు తెలుసు, తాళం నా చేతిలోనే ఉంది, అయినా ఇద్దరం లోపలే ఉన్నాం.

మొన్న స్త్రీల కూడికలో సాక్ష్యాలు చెప్పారు. మా దగ్గర అది ఆనవాయితీ, ఎవరికి దేవుడు ఏ మేలు చేశాడో లేచి నిలబడి చెప్పుకోవాలి. సునంద ఎప్పుడూ లేవదు. ఆ రోజు లేచింది. గోడ పట్టుకుని నిలబడి, మా వదిన గురించి చెప్పాలండి, అంది. నాకోసం పాదం తెప్పించడానికి ఎన్ని ఫోన్లు చేసేరో, నేను పడిపోతే నాకోసం ఎలా పోట్లాడేరో, తోడబుట్టినవాళ్ళు కూడా అలా చెయ్యరండి, దేవుడు నా కాలు తీసుకున్నా వదిననిచ్చేడండి, అంది. చాప మీద కూర్చున్న ఆడవాళ్ళంతా నా వైపు చూసి ఆమెన్ అన్నారు.

నేనూ అన్నాను. అందరికంటే గట్టిగా.

"ఇంకెవరైనా చెబుతారా?" అని పాస్టరమ్మగారు అడిగారు. నన్ను చూసే అడిగారు, ప్రతిసారీ ముందు లేచేది నేనే కనుక. నేను చాప అంచు గోకుతూ కూర్చున్నాను. పాట ఎత్తుకున్నారు.

అందుకని ఇది రాస్తున్నాను. ఆమెకు చెబుతానా? చెబుతానని ఇక్కడ రాయను. రాసి చెప్పకపోతే ఇదీ అబద్ధమవుతుంది. చెబితే ఏమవుతుంది? దేవుడు ఆమెను ఇంట్లో ఉండమనలేదని తెలుస్తుంది. అది ఆమెకు దక్కాల్సిన వార్త. కానీ యాభై దాటాక ఆ వార్త తెలిస్తే ఏం చేసుకుంటుంది అని నాలో ఒక గొంతు అంటుంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఒక్క వారం ఆగుదాం అన్నదీ అదే.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు ఎవరని క్షమిస్తారు? వినండి, చాలు. పాదం వచ్చింది. నేను దాచాను. చెడిపోయిందని తెలిసి ఇచ్చాను. ఇంకొకడి మీద వేశాను.

ఈ నాలుగు మాటలూ ఒకచోట పెట్టడం ఇదే మొదటిసారి. పెట్టాక ఏమీ కాలేదు. వంటింట్లో సునంద కొబ్బరి కోరుతోంది, ఆ చప్పుడు వినిపిస్తోంది. ఊపిరి మటుకు కాస్త అడుగుదాకా వెళ్తోంది. ఆ పాటి సుఖానికి కూడా నాకు హక్కు ఉందో లేదో తెలియదు. అయినా పీలుస్తున్నాను.